రిక్రియేషన్ అంటే అసలు ఏమిటి? రెండు రోజుల సెలవు తర్వాత కూడా నీరసం ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. శని, ఆదివారాలు సెలవు. ఆ రెండు రోజులూ ఆలస్యంగా లేవడం, ఫోన్ చూడటం, రాత్రికి ఓటీటీలో ఏదో ఒకటి పెట్టుకోవడం. సోమవారం పొద్దున్నకి శుక్రవారం కంటే ఎక్కువ నీరసం. డాక్టరు గారు "కాస్త రిక్రియేషన్ పెట్టుకోండి" అన్నారు. మీ నాన్నగారేమో "అవన్నీ డబ్బున్నవాళ్ల విలాసాలు" అన్నారు. రిక్రియేషన్ అంటే ఏమిటి, నిద్ర, సినిమా, గుడి, పేకాట అందులోకి వస్తాయా, క్లబ్బులో చేరాలా అని మీరు అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. బతుకుతెరువు పని, ఇంటి పని, తిండీ నిద్రా పోగా మిగిలిన తీరిక వేళలో, ఎవరి బలవంతమూ లేకుండా మీ అంతట మీరు ఎంచుకుని, అది చేయడంలో ఉన్న సంతోషం కోసమే చేసే పని రిక్రియేషన్. చేశాక ఒళ్లో మనసో తేలికపడాలి. ఫలానా ఆట, ఫలానా కళ అని జాబితా ఏమీ లేదు. ఒకే పని ఒకరికి రిక్రియేషన్ అవుతుంది, మరొకరికి చాకిరీ అవుతుంది. ఆదివారం సరదాగా బిర్యానీ వండే మొగుడికి వంట రిక్రియేషనే. రోజూ మూడు పూటలా వండే ఆయన భార్యకు అదే గ్యాస్ పొయ్యి దగ్గర ఆ మాట చెప్పి చూడండి!

ఇదంతా ఎక్కడి నుంచి చెప్తున్నానంటే, నేను విశాఖ దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట వెల్ఫేర్ ఆఫీసర్లను పెట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పబట్టి వచ్చిన ఉద్యోగం అది. క్యాంటీన్ సాంబారు మీద ఫిర్యాదుల దగ్గర్నుంచి క్వార్టర్ల గొడవల దాకా అన్నీ నా టేబుల్ మీదికే వచ్చేవి. టౌన్‌షిప్‌లోని రిక్రియేషన్ క్లబ్బు బాధ్యత కూడా నాదే. అక్కడికి ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం మానేస్తున్నారు, ఎందుకు అన్నది ఏళ్ల తరబడి దగ్గరగా చూశాను.

నిద్ర సంగతి ముందు తేల్చుకోండి. నిద్ర, విశ్రాంతి రిక్రియేషన్ లెక్కలోకి రావు. అవి దానికంటే ముందు తీరాల్సిన బాకీ. సి షిఫ్ట్, అంటే రాత్రి షిఫ్ట్, ముగించుకుని పొద్దున్న ఆరింటికి గేటు బయటికి వచ్చిన కుర్రాళ్లు కొందరు ఇంటికి పోకుండా నేరుగా వాలీబాల్ కోర్టుకు వచ్చేవారు. ఉత్సాహం బాగానే ఉండేది కానీ మడమలు మెలికపడేవీ వాళ్లకే, మధ్యాహ్నం ఇంట్లో చిరాకుపడేదీ వాళ్లే. రాత్రి షిఫ్ట్ వారంలో కోర్టు సాయంత్రం నాలుగు తర్వాతే అని నియమం పెట్టాల్సి వచ్చింది. మీ విషయంలో కూడా వారమంతా ఐదు గంటల నిద్రతో నెట్టుకొస్తుంటే శనివారం పొద్దున పడుకోవడం తప్పు కాదు. కానీ ఆ బాకీ తీరాక కూడా మంచం మీదే ఉండిపోతే అలసట తగ్గదు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ ఇబ్బంది ఈ రెండో రకం.

ఇక ఫోన్. ఫోన్ చూడటం పాపమేమీ కాదు, నేనూ చూస్తాను. కానీ దాన్ని కాలక్షేపం అంటాను. సబీన్ సొన్నెంటాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2007లో పని తర్వాత మనిషి ఎలా తేరుకుంటాడో కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో నాలుగు సంగతులు చూస్తారు. మనసు ఆఫీసు నుంచి నిజంగా బయటపడిందా? ఒంట్లో బిగువు సడలిందా? ఏదైనా కొత్తగా నేర్చుకున్న, కాస్త కష్టమైనది సాధించిన తృప్తి ఉందా? ఆ సమయం మీద పెత్తనం మీదేనా?

మీ ఆదివారాన్ని ఈ నాలుగు ప్రశ్నలతో తూచి చూడండి. రీల్స్ చూస్తున్న ఫోన్‌లోనే ఆఫీసు గ్రూపు మెసేజ్ కూడా పైన మెరుస్తుంది, కాబట్టి మొదటిది పోయింది. తర్వాత ఏ వీడియో రావాలో మీరు నిర్ణయించడం లేదు, పెత్తనం కూడా పోయింది. సాధించిన తృప్తి సంగతి చెప్పనక్కర్లేదు. మిగిలింది కొంచెం సడలింపు, అదీ మెడ నొప్పితో. అదే సినిమాను హాల్లో చూస్తే లెక్క మారుతుంది. సినిమా మీరు ఎంచుకున్నారు, టికెట్ కొన్నారు, ఫోన్ జేబులో పెట్టారు, రెండున్నర గంటలు మరో ధ్యాస లేదు, ఇంటర్వెల్‌లో సమోసా, బయటికొచ్చాక దాని గురించి నలుగురితో వాదన. కాబట్టి సినిమా వస్తుందా అంటే వస్తుంది. మంచం మీద పడుకుని మూడు సినిమాలు పది పది నిమిషాలు చూసి వదిలేయడం రాదు.

నా అనుభవంలో బాగా పనిచేసిన సూత్రం ఒకటి చెప్తాను. మీ ఉద్యోగం మీలో దేన్ని వాడటం లేదో, తీరిక వేళలో దానికి పని పెట్టండి.

మా దగ్గర ఒక క్రేన్ ఆపరేటరు ఉండేవాడు. షిఫ్టంతా పైన క్యాబిన్‌లో ఒక్కడే. కింద ఉన్నవాళ్లు చేతి సైగలు చేస్తే లోడు ఎత్తడం, దించడం. ఎనిమిది గంటల్లో మనిషితో పట్టుమని పది మాటలు ఉండవు. అతనికి ఎవరో పుస్తకాలు చదవమని సలహా ఇచ్చారు, నాలుగు రోజులు కూడా చదవలేదు. తర్వాత వాళ్ల ఊరివాళ్లు నడిపే చెక్క భజన బృందంలో చేరాడు. పదిమందితో కలిసి పాట, అడుగు, చెమట. సాయంత్రం భజన ఉందంటే ఆ రోజు షిఫ్టులో కూడా హుషారుగా ఉండేవాడు. దీనికి పూర్తిగా అవతలి కొస క్యాంటీన్ సూపర్‌వైజరు. పొద్దున్నుంచి వందల మందికి సమాధానం చెప్పీ చెప్పీ ఆయనకు మనుషులంటేనే విసుగు. సెలవు రోజు చెరువు గట్టు మీద గాలం వేసుకుని ఒక్కడే కూర్చునేవాడు. చేప పడిందా అని అడిగితే, పడితే మళ్లీ దాన్ని శుభ్రం చేయాలి కదండీ అనేవాడు. అకౌంట్స్ సెక్షన్‌లో పగలంతా కూర్చునేవాళ్లు మాత్రం బాల్ బ్యాడ్మింటన్ కోర్టు వదిలేవారు కాదు.

ఈ సూత్రం అందరికీ అతకదు. ఒక లేత్ మెషినిస్టు ఇంటికి వెళ్లాక కూడా చిన్న చిన్న చెక్క బొమ్మలు చేసేవాడు. పగలంతా చేసిన చేతిపనే మళ్లీ రాత్రి కూడానా అనిపించేది నాకు. అడిగితే, ఫ్యాక్టరీలో డ్రాయింగ్ వేరేవాళ్లది, ఇక్కడ నాది అన్నాడు. ఇందాక చెప్పిన పెత్తనం అంటే ఇదే. మీరు కూడా ఆదివారం మీకోసం ఏదో చిన్న ప్రోగ్రాం రాసుకుంటే నేను కాదనను, దానికి డెడ్‌లైనూ, మేనేజరూ లేనంతవరకు.

రూపాల గురించి అడిగారు కాబట్టి కొంచెం విస్తరంగా చెప్తాను. శరీరంతో చేసేవి అందరికీ తెలిసినవే. నడక, ఈత, షటిల్, కబడ్డీ, క్రికెట్, సైకిల్. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆటలో పడితే ఆ లెక్క దానంతట అదే నిండుతుంది. విశాఖలో పొద్దున్నే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఆ వేళలో అక్కడికి వెళ్లి చూడండి, నడిచేవాళ్లు, స్కేటింగ్ పిల్లలు, వ్యాయామం పేరుతో కబుర్లు చెప్పుకునే రిటైర్డు బృందాలు. ఆ మూడో రకంలో ఇప్పుడు నేనూ ఉన్నాను. మాకు నడక కంటే నడక తర్వాత టీ ముఖ్యం.

చేత్తో చేసేవి: మొక్కలు, కుట్లు అల్లికలు, ముగ్గులు, పాత రేడియోలు విప్పి బిగించడం. బుర్రతో చేసేవి: చదరంగం, పులి మేక, గళ్ల నుడికట్టు, లైబ్రరీ. మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా అవధానం ఉంది. అష్టావధానంలో పృచ్ఛకుల ప్రశ్నలకు అవధాని తడుముకోకుండా పద్యాలు చెప్తుంటే, అప్రస్తుత ప్రసంగి మధ్యలో అడ్డదిడ్డంగా ఏదో అడిగి నవ్విస్తుంటాడు. చూసేవాడికి ఛందస్సు రాకపోయినా రెండు గంటలు ఇట్టే గడుస్తాయి. ఇలా చూసి ఆనందించడాన్ని కొందరు తక్కువగా మాట్లాడతారు, నేను ఒప్పుకోను. మనసు పెట్టి చూస్తే అదీ లెక్కలోదే.

నలుగురితో కలిసి చేసేవి మన దగ్గర చాలావరకు పండగలో, భక్తిలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి వాటిని రిక్రియేషన్ అని ఎవరూ అనుకోరు. కార్తీక మాసం వనభోజనాలు, కోలాటం, సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచేవాళ్లలో భక్తి ఎంత, స్నేహితులతో రాత్రంతా నడిచే సరదా ఎంత అని విడదీయలేం, విడదీయనక్కర్లేదు కూడా. గుడి సంగతి అడిగారు. మీకై మీరు వెళ్లి ప్రసాదం తిని మండపంలో అరగంట కూర్చుంటే వస్తుంది. అత్తగారి మొక్కు తీర్చడానికి పిల్లలను ఎత్తుకుని క్యూలో నిలబడితే అది బాధ్యత. అదీ మంచిదే, కానీ వేరే ఖాతా.

ఇంకో రకం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. కెనడా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ స్టెబ్బిన్స్ దీనికి "సీరియస్ లీజర్" అని పేరు పెట్టాడు. తీరిక వేళ వ్యాపకమే, కానీ ఉద్యోగమంత శ్రద్ధగా ఏళ్ల తరబడి చేస్తారు. మన పద్య నాటకాల వాళ్లను చూడండి. పగలు క్లర్కు, టీచరు, కండక్టరు. రాత్రి హార్మోనియం పక్కన రాగం తీస్తూ సాధన. నాటక పరిషత్తుల పోటీలకు సొంత డబ్బు పెట్టుకుని, సెలవు పెట్టుకుని వెళ్తారు. మా ఆఫీసులో ఒకాయన పోటీ ముందు వారం రోజులు సరిగ్గా నిద్రపోయేవాడు కాదు, గొంతు పోయేది, ఇంట్లో తిట్లు. అయినా తిరిగొచ్చాక అతని ముఖం చూస్తే వారం రోజులు ఊటీలో ఉండి వచ్చినవాళ్ల కంటే కళగా ఉండేది. అలసట ఉన్నంత మాత్రాన అది రిక్రియేషన్ కాకుండా పోదు. ఒళ్లు అలిసి మనసు తేరుకునే పనులు చాలా ఉన్నాయి.

పేకాట దగ్గరికి వద్దాం. మన ఊళ్లలో "రిక్రియేషన్ క్లబ్" అని బోర్డు కనిపిస్తే లోపల పేకాటే ఉంటుందని అందరికీ తెలుసు. ఆ బోర్డు సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పెట్టిన కేసులో 1968లో తీర్పు వచ్చింది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో నేర్పుగా తేల్చుకోవాలి, కాబట్టి అది మూడుముక్కలాటలాగా పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట కాదని కోర్టు చెప్పింది. అయితే ఆ ఆట మీద క్లబ్బు నడిపేవాళ్లు లాభం తీసుకుంటుంటే అది వేరే సంగతి అని కూడా చెప్పింది. మా క్లబ్బులో మేం పెట్టుకున్న నియమం ఇంకా సింపుల్. రమ్మీ ఆడుకోండి, పాయింట్లు కాగితం మీద రాసుకోండి, టేబుల్ మీద డబ్బు కనిపించకూడదు. ఆ నియమం పెట్టాక కొందరు రావడం మానేశారు. వాళ్లు ఆట కోసం వచ్చినవాళ్లు కాదని అప్పుడు తెలిసింది.

పోయిన డబ్బు రాబట్టుకోవడానికి ఆడుతున్నారంటే అక్కడితో రిక్రియేషన్ అయిపోయినట్టే. ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. మీరు ఆ వైపు వెళ్లరనే అనుకుంటున్నాను, కానీ సెలవు రోజు ఒంటరిగా ఫోన్‌తో కూర్చునేవాళ్లకే ఆ యాప్‌ల వల ఎక్కువ.

డబ్బు ఇంకో దారిలో కూడా పాడుచేస్తుంది. ఫొటోలు తీయడం సరదాగా మొదలుపెట్టిన ఒక యువ ఇంజనీరు, అందరూ మెచ్చుకుంటున్నారని పెళ్లిళ్లకు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. రెండు సీజన్లు గడిచేసరికి సెలవు రోజుల్లో కూడా కస్టమర్ల ఫోన్లు, ఆల్బమ్ ఆలస్యమైందని మాటలు. ఆదాయం పెరిగింది, తప్పులేదు. కానీ తనకు ఇప్పుడు రెండు ఉద్యోగాలు ఉన్నాయని, సరదా ఏదీ లేదని అతనికి తెలియడానికి చాలా కాలం పట్టింది. పరుగెత్తి వచ్చిన ప్రతిసారీ యాప్‌లో అంకెలు పోస్ట్ చేసి లైకులు లెక్కపెట్టుకునేవాళ్లూ దాదాపు ఇదే బాటలో ఉన్నారని నా అభిప్రాయం.

మీ నాన్నగారి మాటకు ఒక జవాబు. విలాసం అన్న మాట ఆయన తరం కష్టం నుంచి వచ్చింది, దాన్ని తోసెయ్యకండి. కానీ మన రాజ్యాంగం 43వ అధికరణంలో కార్మికులకు బతకడానికి సరిపడా వేతనంతో పాటు తీరికను పూర్తిగా అనుభవించే వీలు, సాంఘిక, సాంస్కృతిక అవకాశాలు కల్పించడానికి రాజ్యం ప్రయత్నించాలని రాశారు. మనం అనుభవిస్తున్న ఆదివారం సెలవు కూడా ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్లపాటు పోరాడితే 1890లో వచ్చింది. ఆ మిల్లు కార్మికులు డబ్బున్నవాళ్లేమీ కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా వదిలేయలేను. మీకు పెళ్లయిందో లేదో రాయలేదు. అయి ఉంటే ఇది మీకోసం. 2024 సంవత్సరపు జాతీయ సమయ వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు జీతం లేని ఇంటి పనికి రోజుకు 305 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అంటే ఐదు గంటలకు పైనే. మా క్లబ్బులో ఆడవాళ్లకు మధ్యాహ్నం వేళ ప్రత్యేకంగా కేటాయించాం. క్యారమ్స్, టేబుల్ టెన్నిస్, పత్రికలు అన్నీ పెట్టాం. ఎవరూ రాలేదు. ఆసక్తి లేదని కమిటీలో తేల్చేశారు. నేను నలుగురైదుగురిని అడిగితే, పిల్లల్ని ఎక్కడ వదలాలి అన్నారు. పక్క గదిలో చిన్నపిల్లలను చూసుకోవడానికి ఒక ఆయాను పెట్టి, సమయాన్ని బడి వదిలే వేళకు ముందే ముగిసేలా మార్చాం. కొన్నాళ్లకు అక్కడ కోలాటం బృందం తయారైంది, టౌన్‌షిప్ ఉత్సవాల్లో వాళ్లదే ముందు వరుస. ఆసక్తి మొదట్నుంచీ ఉంది, వెసులుబాటే లేదు. కాబట్టి మీరు స్నేహితులందరినీ పిలిచి వనభోజనం పెట్టుకుంటే, పులిహోర ఎవరు కలుపుతున్నారు, గిన్నెలు ఎవరు తోముతున్నారు అని ఒకసారి చూడండి. వాళ్లకు అది ఆదివారం డ్యూటీ.

ఇప్పుడు మీరు చేయదగ్గది. రెండు రోజులకూ టైంటేబుల్ వేసుకోవద్దు, ఆఫీసు క్యాలెండరులా తయారవుతుంది. వారంలో ఒక్క పూట మాత్రం గట్టిగా పెట్టుకోండి. అది ఇంటి బయట ఉండాలి. మీకోసం ఇంకో మనిషి అక్కడ ఎదురుచూస్తూ ఉండాలి, ఎందుకంటే బద్ధకాన్ని మొహమాటం ఓడించినంతగా పట్టుదల ఓడించలేదు. ఫోన్ బ్యాగులో ఉండాలి. మీరు పగలంతా కుర్చీలో కూర్చుని స్క్రీన్‌తో మాట్లాడే ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి, కాళ్లు కదిలేది, మనుషులు ఉండేది ఏదైనా ముందు ప్రయత్నించండి. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో నడక అయినా సరే, మీ అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో దుమ్ము పట్టిన టేబుల్ టెన్నిస్ బల్ల అయినా సరే. నలుగురి గోల వద్దనుకుంటే 1901లో మొదలై ఇప్పుడు సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయానికి వెళ్లి ఒక పూట కూర్చుని రండి. మొదటి రెండు మూడు వారాలు విసుగ్గానే ఉంటుంది. ఆట చేతకాదు, ఊపిరి అందదు, పక్కవాళ్లు బాగా ఆడుతుంటారు. నెల తర్వాత కూడా వెళ్లే ముందు ఏడుపొస్తుంటే మొహమాటం లేకుండా మార్చేయండి.

ఒక జాగ్రత్త. నీరసమంతా రిక్రియేషన్‌తో పోతుందని అనుకోవద్దు. రక్తహీనత, థైరాయిడ్, గురకతో చెడిన నిద్ర, ఇవన్నీ ఇలాగే కనిపిస్తాయి. డాక్టరు రక్త పరీక్షలు చేయించారో లేదో మీరు రాయలేదు, చేయించకపోతే అడగండి. ఇంతకుముందు బాగా నచ్చిన పనులు కూడా రెండు వారాలకు పైగా రుచించకపోతే, దేనిమీదా ఆశ లేనట్టు ఉంటే, షటిల్ బ్యాట్ కొనడం దానికి మందు కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరగా క్లబ్బు సభ్యత్వం. సంవత్సరం ఫీజు ముందే కట్టొద్దు. డబ్బు కట్టాం కాబట్టి వెళ్లాలి అనే టెన్షన్ ఇంకోటి మొదలవుతుంది. ఒక నెల రోజులు ఏ పూటకి ఆ పూట కోర్టు ఫీజు కట్టి ఆడి చూడండి. ఇంటి నుంచి ట్రాఫిక్‌లో అరగంట దాటే చోటైతే ఎంత మంచి క్లబ్బైనా వద్దు. మా టౌన్‌షిప్‌లో కూడా చివరి సెక్టారు వాళ్లు కొత్త ఇండోర్ స్టేడియంకి రావడం మానేసి, వాళ్ల క్వార్టర్ల పక్కనే సున్నంతో గీతలు గీసుకుని ఆడుకునేవారు.